నలభై ఒక్క కాళ్ళు

తూడి కెర్బ్రా ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నడిబొడ్డున ఇరవై రెండేళ్ళు పాలబండి నడిపాడు. అందులో పదకొండేళ్ళు రాక్ బృందంలో బొంబార్డ్ కూడా ఊదాడు. పాలు ఒక్కరోజూ ఆలస్యం కాలేదని ఊరు వెంటనే ఒప్పుకుంది. సంగీతం విషయంలో అంత తొందరపడలేదు.

ఆ బొంబార్డ్, అంటే వాళ్ళ సన్నాయి, తాతది. గిటార్ కరెంటు పనివాడు గుల్వెన్‌ది. డ్రమ్ములు గుల్వెన్ చెల్లెలు సోయాజ్‌వి. 1973 వసంతంలో రెన్ నగరంలో విద్యార్థులు వీళ్ళ పాటకి కుర్చీలెక్కి చప్పట్లు కొట్టారు. పేపర్లో ఫొటో పడింది. అంతటి కీర్తిభారాన్ని మోసుకుంటూ ముగ్గురూ ఒక ఆదివారం మధ్యాహ్నం సొంత ఊరి హాల్లో నాట్యానికి వాయించడానికి విచ్చేశారు.

అక్కడ వరస నడిపేది డెబ్బై ఒక్కేళ్ళ కాటెల్. చిటికెన వేళ్ళు పెనవేసుకుని నిలబడ్డ నలభైమంది ఆవిడ అడుగు చూసి అడుగు వేస్తారు. ఆవిడ ఆడకపోతే ఊరు ఆడదు. సొంత ఊరు ఆడని బృందాన్ని ఆ చుట్టుపక్కల ఏ హాలూ పిలవదు.

గవోత్ అనే వరస నాట్యం మొదలైంది. తూడి తన వంతు పాదం ఊది ముగించాక గుల్వెన్ రెన్‌లో చేసినట్టే ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని, గిటార్ అందుకున్నాడు. కాటెల్ కాలు గాలిలో నిలిచిపోయింది. దాని వెనక నలభై కాళ్ళూ నిలిచిపోయాయి. ఆవిడ వేలు విడిపించుకుని సైడర్ అనే ఆపిల్ కల్లు గిన్నె దగ్గరికి నడిచింది.

"ఏమైందత్తా?" అన్నాడు తూడి.

"ఏం కాలేదురా. మీరు కానివ్వండి, మేం కూర్చుని వింటాం."

అంతకన్నా పెద్ద తిట్టు ఆ ప్రాంతంలో లేదు.

"రెన్‌లో చప్పట్లు కొట్టారు," అని గొణిగాడు గుల్వెన్.

"కూర్చున్నవాళ్ళకి కాళ్ళతో పనేముంది, నాయనా? మా అమ్మ పాడుతుంటే, చివరి మాట ఇంకా నోట్లో ఉండగానే మా పిన్ని దాన్ని లాక్కుని తను పాడేది. నువ్విచ్చిన సందులో వీడి పాలబండి వెనక్కి తిప్పుకోవచ్చు."

తూడి చెవులు ఎర్రబడ్డాయి. తాత నేర్పిన మొదటి పాఠమే అది. గుల్వెన్ వైపు తిరిగాడు.

"నా చివరి మూడు స్వరాల మీద పడు. నేను ఊదుతుండగానే."

"నిన్ను తొక్కేసినట్టుంటుంది కదరా?"

"తొక్కు. కళ్ళు తెరిచి, ఆవిడ కాళ్ళు చూస్తూ తొక్కు."

మళ్ళీ మొదలుపెట్టారు. తూడి స్వరం తెగకముందే గిటార్ దాన్ని అందుకుంది. కాటెల్ గిన్నె కింద పెట్టలేదు. మడమ మాత్రం నేలకి తగిలింది. తర్వాత గిన్నె పక్కవాడి చేతిలోకి పోయింది. పాతిక నిమిషాలు ఊరు ఆగలేదు. చెక్కనేల డ్రమ్ముల్ని మించి మోగింది. సోయాజ్ చివరికి కాళ్ళనే అనుసరించి వాయించింది.

తర్వాత మూడు రికార్డులొచ్చాయి, జర్మనీ ప్రయాణాలొచ్చాయి. వాటి గురించి ఎవరడిగినా తూడి ముక్తసరిగా చెబుతాడు. ఆ ఆదివారం గురించి మాత్రం, అడగకపోయినా చెబుతాడు.

ఆ రోజు ఆట ఆగాక కాటెల్ చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"డ్రమ్ములు కాస్త ఎక్కువేరా."

"తగ్గించమంటావా అత్తా?"

"తగ్గిస్తే నాకెలా వినబడుతుంది? ఇంకోటి ఎత్తుకో."

"పెదవులు మొద్దుబారాయి."

"నా మోకాళ్ళు అరిగిపోయాయి. నేనేమైనా చెప్పానా?"

తూడి సన్నాయి ఎత్తాడు.