వంశపు పిల్లికూత

ఆస్తిపాస్తులున్న ఇళ్ళలో తాత నుంచి మనవడికి మేడో పొలమో వస్తుంది. ఆ రొట్టెల బట్టీ ఇంట్లో పిల్లికూతలు వచ్చేవి. మామగారికి ఆయాసం, మొగుడికి ఆయాసం, నాలుగేళ్ళ కొడుకు పడుకుంటే ఛాతీలో అదే కూత. "మా వంశపు ఊపిరే అంత" అని మామగారు మీసం తిప్పేవాడు. రెండోవైపు తిప్పేలోగా దగ్గు ముంచుకొచ్చేది.

కోడలికి మళ్ళీ ఐదో నెల. కట్టెల బట్టీ ముందు నిలబడి, పొడుగాటి చెక్క తెడ్డుతో రొట్టెలు లోపలికి తోసి, కాలాక లాగడం ఆమె పని. పొగగొట్టం కప్పు దాకా కూడా లేదు. వెళ్ళిన పొగలో సగం చుట్టంలా తిరిగొచ్చేది. పరీక్షకు వెళ్ళిననాడు నర్సు ఆమె బట్టల్లోని పొగవాసన పసిగట్టి అడిగేసింది. "బిడ్డ ఊపిరితిత్తులు కడుపులోనే తయారవడం మొదలవుతాయమ్మా. నువ్వు పీల్చే పొగ వాటి ఎదుగుదలను దెబ్బతీయొచ్చు" అంది.

ఇంటికొచ్చి కోడలు నర్సు మాట చెప్పి, తెడ్డు గోడకానించింది.

"మరి రొట్టెలెవరు కాలుస్తారు, ఆ నర్సమ్మా?" అంది అత్త. "నిండు నెలల్లో కూడా నేనక్కడే నిలబడ్డాను. నాకేమైందట?"

"మీకేం కాలేదత్తయ్యా. కడుపులో ఉన్నవాడికైంది."

మొగుడు నవ్వబోయి దగ్గాడు.

"అయితే నా పెద్దకూతురికి రాలేదేం? అదీ ఈ కడుపునే పుట్టింది!"

నిజమే. ఆడపడుచు మూడంతస్తుల మెట్లు ఒక్క ఊపున ఎక్కే మనిషి.

"వదిన కడుపులో ఉన్నప్పుడు మీరెక్కడున్నారు?"

ఆ కథ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. మామగారు నలుగురిలో తిట్టాడని అలిగి, అత్త నెల తప్పగానే పుట్టింటికి పోయింది. పిల్ల పుట్టాకే తిరిగొచ్చింది. ఇన్నేళ్ళూ అందరూ ఆ అలకకు నవ్వారేగాని, దాంట్లో ఏముందో ఒక్కరూ చూడలేదు.

"ఒక్క అక్కను చూసి అదే రుజువంటావా?" అన్నాడు మొగుడు.

"ఇంకా రుజువు కావాలంటే ఇంకోణ్ణి ఈ పొగలోనే కనాలి. కననా?"

కోడలు తన కొడుకు బట్టలు, మందులు సంచిలో సర్దింది. "పొగగొట్టం కప్పు దాటి లేచాక కబురంపండి. అందాకా వదిన దగ్గరుంటాను."

"నేను ఒక్క మాట పడలేక వెళ్ళాను," అని గొణిగింది అత్త. "నీది నయం." పిల్లాడి స్వెట్టరు తెచ్చి సంచిలో కుక్కింది. తర్వాత తెడ్డు తీసుకెళ్ళి తన కొడుకు చేతిలో పెట్టింది.

నాలుగో రోజు మొగుడు అక్క ఇంటికొచ్చాడు. రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఛాతీలో పిల్లి కూస్తోంది. పైమెట్టు మీద పెళ్ళాం నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది.

"గొట్టం పని మేస్త్రీకి చెప్పావా?"

"ఊపిరి... తీసుకోనీ..."

"తీసుకో. తీసుకునే చెప్పు."

ఆమె కిందికి దిగలేదు. పక్కకీ తప్పుకోలేదు.