డిక్కీ మీద రెండు దెబ్బలు

తాత ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపాడు. కండక్టరు బస్సు రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. వెనక్కి తిరిగి చూడటం డ్రైవరు పని కాదు. ఎవరెక్కారో ఎవరు దిగారో కండక్టరు చూసుకుంటాడు. రిటైరయి రెండేళ్ళయినా ఈ చట్టం ఇంట్లో అమల్లోనే ఉంది. అన్నానికి లెమ్మని పదిసార్లు పిలిచినా ఉలకడు, పలకడు. కంచం మీద గరిటెతో రెండు కొడితే చాలు, లేచి చెయ్యి కడుక్కుంటాడు. అమ్మమ్మ చేతిలో కంచాలన్నీ సొట్టలు పడ్డాయి.

కొండమీద మలుపు దగ్గర ఒక బెంచీ ఉందని, అక్కణ్ణించి చూస్తే సిటీ మొత్తం అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఉంటుందని పెళ్ళయిన కొత్తలో ఊరించింది తాతే. వచ్చే ఏడు తీసుకెళ్తానన్నాడు. సెలవొస్తే ఓవర్‌టైము, ఓవర్‌టైము లేకపోతే జలుబు. ఆ వచ్చే ఏడు రానేలేదు. ఇప్పుడు సోమవారం అమ్మమ్మ మోకాలికి ఆపరేషను. తర్వాత ఏడాది దాకా ఎత్తులెక్కొద్దని డాక్టరు చెప్పేశాడు.

"ఈ శనివారం తీసుకెళ్తారా, లేక నన్నే నడిచి పొమ్మంటారా?" అని అమ్మమ్మ నిలదీసింది. దాంతో తాత చేతిలో అల్లుడి కారు కదిలింది. కొండ కింద గేటుంది. పొగమంచు భయంతో నాలుగింటికల్లా కార్లకి మూసేస్తారు. బస్సులని మాత్రం సాయంత్రం దాకా వదులుతారు.

ముందు సీట్లో మనవరాలు చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోయింది. వెనక అమ్మమ్మ. తాత ప్రతి బస్టాపు దగ్గరా కారు అంచుకి తీసి ఆపుతున్నాడు.

"ఎవరెక్కుతారని ఆపారు?"

"స్టాపు కదే."

"మనది కారండీ!"

"డ్రైవరుతో మాట్లాడరాదు" అన్నాడు తాత, బస్సులో రాసి ఉన్నదాన్ని చదివినట్టు.

ఇక మలుపుల సంగతి చెప్పక్కర్లేదు. మూడు మూరల కారుకి బస్సంత మలుపు తీసుకుంటాడు. ఎదురొచ్చిన లారీవాడు తల బయటపెట్టి, "కారు వెనకాల ఇంకేమైనా తగిలించావా పెద్దాయనా?" అని అడిగి మరీ పోయాడు. అమ్మమ్మకి ప్రాణం విసిగిపోయింది.

మూడింటికి ఒక టీ కొట్టు దగ్గర ఆగారు. టీ తాగి తాత వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మెలకువ రాని మనవరాలు కదల్లేదు. అమ్మమ్మ సంచీని, అందులోని ఫోనుతో సహా, డిక్కీలో పెట్టి మూత వేసింది. అది సరిగా పడలేదు. అరచేత్తో ఒకటి కొట్టింది. పడలేదు. ఇంకోటి కొట్టింది.

కారు కదిలింది.

"ఏమండీ! ఏమండోయ్!" అని కేకలేస్తూ పది అడుగులు కుంటింది. చీమ కుట్టినట్టయినా లేదు ఆ కారుకి. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషిని, తన చేత్తో తనే పంపించేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక డిక్కీ కొట్టిన చేతినే ఒకసారి తిట్టింది.

"తిరిగి చూస్తాడులెండమ్మా" అన్నాడు టీ కొట్టతను.

"చూడడు నాయనా. ఆయన సర్వీసులో చూడలేదు."

అక్కడ గేటు దగ్గర కావలివాడు ఎంతమందని అడిగితే, తాత దర్జాగా "ముగ్గురం" అన్నాడట. కావలివాడు కారులోకి రెండుసార్లు తొంగిచూశాడట. మనవరాలు అప్పుడు లేచింది. తాత అప్పుడు మొహం పాలిపోయి కారు వెనక్కి తిప్పాడట.

ఈలోగా కొండెక్కే బస్సొచ్చింది. అమ్మమ్మ కొంగున ముడేసుకున్న చిల్లరతో టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో అల్లుడి కారు ఎదురొచ్చింది. అమ్మమ్మ కిటికీలోంచి మోచేతిదాకా చెయ్యి ఊపింది. తాత కళ్ళు రోడ్డు మీదే. రోడ్డు తప్ప ఇంకేమీ చూడని ఆ నిష్ఠకి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

గేటు దగ్గర బస్సు ఆగింది. నాలుగవడానికి అయిదు నిమిషాలుంది. టీ కొట్టుకి వెళ్ళి తాత తిరిగొచ్చేసరికి గేటు పడిపోతుంది.

జరిగిందంతా విన్న కండక్టరు అడిగాడు. "దిగుతారా అమ్మా? ఆయన వచ్చేదాకా ఇక్కడ కూర్చోవచ్చు."

అమ్మమ్మ సగం లేచింది. కూర్చోవడమా? రోజూ రాత్రి అన్నం మీద మూత పెట్టుకుని కూర్చుంది. ఓవర్‌టైముకీ కూర్చుంది, జలుబుకీ కూర్చుంది. ఇంకా ఎంతని కూర్చోవాలి? మోకాలు కలుక్కుమంది. కిటికీలోంచి కావలివాణ్ణి పిలిచింది.

"ఒక ముసలాయన వస్తాడు బాబూ. కారు ఇక్కడ పెట్టి వెనకొచ్చే బస్సులో రమ్మను. రాకపోతే ఇంటికి పొమ్మను."

అని, కిటికీ కింద రేకు మీద తనే రెండు దెబ్బలు కొట్టింది. బస్సు కదిలింది. కండక్టరు నోరు తెరిచి చూశాడు.

బెంచీ నిజంగానే ఉంది. ఇన్నాళ్ళూ అది కూడా తాత చెప్పే కబుర్లలో ఒకటనుకుంది. కింద సిటీ అగ్గిపెట్టెల్లా ఏమీ లేదు, చిందరవందరగా ఆరబోసినట్టు ఉంది. అయినా బావుంది.

అయిదున్నరకి రెండో బస్సొచ్చింది. తాత ముందు తలుపులోంచి దిగాడు, వెనక నవ్వాపుకుంటూ మనవరాలు. వచ్చి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆ డ్రైవరుకి గేరు మార్చడం రాదే. నా నడుము విరిగింది" అన్నాడు.

"మరి మీరు? నన్నొదిలేసి కారెలా కదిపారు?"

"నేనా? నేను... దెబ్బలు రెండే పడ్డాయి కదే. కదలమనే కదా?"

"ప్రయాణికులతో మాట్లాడరాదు" అంది అమ్మమ్మ.

మనవరాలు పగలబడి నవ్వింది. తాత నవ్వలేదు. బూట్ల వంక చూస్తూ, "గేటు దగ్గర నువ్వు లేవనేసరికి నాకు కాళ్ళాడలేదే" అన్నాడు.

అమ్మమ్మ కాస్త పక్కకి జరిగింది. ఆయన కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ బస్సులో ఆవిడ చూసింది ఆయన మెడ వెనక భాగమే. ఇప్పుడు పక్కన మొహం ఉంది. అదీ రోడ్డు కోసం వెతుక్కుంటోంది.

"దిగే బస్సు ఏడింటికి" అన్నాడు, లేవకుండా. లేవమని ఎవరో చెప్పాలి కదా.

అమ్మమ్మ బెంచీ చెక్క మీద అరచెయ్యి ఆనించింది. కొట్టలేదు.