నా కడుపు మీద మూడు షిఫ్టులు

ఆ రోజుల్లో మా భూపాలపల్లి కాలనీలో ఎవరు ఎదురుపడినా రెండే విషయాలు అడిగేవాళ్లు. తెలంగాణ ఎప్పుడొస్తుందని మా బాపును, కడుపునొప్పి ఎప్పుడు పోతుందని నన్ను. రెండింటికీ మా ఇంట్లో సరైన జవాబు లేదు. బాపు మాత్రం "వస్తది, రాక యాడికి పోతది" అనేవాడు. నాకు అంత ధైర్యం లేక పొట్ట పట్టుకుని నేల చూపులు చూసేదాన్ని. ఆరో తరగతి పిల్ల పొట్టకు ఉద్యమంతో సమానంగా పరామర్శలు అందడం చిన్న గౌరవమేమీ కాదని ఇప్పుడనిపిస్తుంది.

నొప్పి మాత్రం నిజం. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వచ్చేది, కాసేపుండి పోయేది, మళ్లీ వచ్చేది. ఏడాదిగా ఇదే వరస. దవాఖానల్లో రక్తం చూశారు, స్కానింగ్ తీశారు, ఏం లేదన్నారు. ఏం లేకపోతే ఇంత నొప్పి ఎందుకో ఎవరూ చెప్పలేదు. మా మేనత్త అయితే "బడి ఎగ్గొట్టనీకి ఎత్తులు" అని తీర్పు చెప్పేసింది. బడి ఎగ్గొట్టిన మాట వాస్తవమే, వారంలో మూడు రోజులు మంచం మీదే. చివరికి టీచరమ్మ మా అమ్మను పిలిపించి, "గిట్లనే నాగాలు పెడితే వచ్చే ఏడు మళ్ల ఆరుల్నే కూసుంటది" అంది. నాకంటే ఏడాది చిన్నవాడైన తమ్ముడు అప్పుడు ఐదు చదువుతున్నాడు. వాడు ఆ సాయంత్రమే నా దగ్గరకొచ్చి, "అక్కా, మీ క్లాసుల కిటికీ పక్కపొంటి కూసునేది నువ్వేనా, నాకు జాగ ఉంటదా" అని వాకబు చేశాడు. ఆ మాట నాకు నొప్పికంటే ఎక్కువ తగిలింది.

అంతలో తెలంగాణ కోసం పెద్ద సమ్మె వచ్చింది. బళ్లు బంద్, బస్సులు బంద్, బొగ్గు గనులు బంద్. బడి లేకపోయినా నా నొప్పి మాత్రం ఒక్క రోజు సెలవు తీసుకోలేదు. (మేనత్త ముందు నా నిజాయితీ ఆ విధంగా నిరూపణ అయింది. నొప్పితో మెలికలు తిరుగుతూనే ఆమె వైపు గర్వంగా చూశాను.) అసలు చిక్కు బాపుతో వచ్చింది. అప్పటిదాకా ఆయన గనిలో దిగేవాడు, ఎక్కేవాడు, నిద్రపోయేవాడు. నా కడుపు అమ్మ శాఖ. సమ్మెతో పని లేకపోయేసరికి ఆయన తన అనుభవమంతా తెచ్చి నా కడుపు మీద పెట్టాడు.

గనిలో పనిచేసేవాళ్లు పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వింటారు. గట్టిగా మోగితే భయం లేదు, బోలుగా మోగితే రాయి ఊడిపడొచ్చు. బాపు నన్ను మంచం మీద పడుకోబెట్టి, మడిచిన వేలితో పొట్టంతా కొట్టుకుంటూ వచ్చి, బొడ్డు దగ్గర ఆగి, "ఈడ బోలుగ ఇనవడ్తంది" అన్నాడు గంభీరంగా. "పొద్దటి సంది ఏం తినలే, బోలుగ గాక ఎట్ల ఇనవడ్తది" అంది అమ్మ. బాపు ఆ మాట లెక్కచేయకుండా, బోలుగా ఉన్నచోట మనిషి కాపలా ఉండాలని తేల్చాడు. ఆ రోజు నుంచి నా కడుపు మూడు షిఫ్టుల్లో నడిచింది. పొద్దున అమ్మ, మధ్యాహ్నం బాపు, రాత్రి మా నాయనమ్మ. (ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం.) షిఫ్టు మారేటప్పుడు నా తలాపున నిలబడి ఒకరికొకరు చార్జి అప్పజెప్పుకునేవాళ్లు. "పదింటికి ఒకపారి వచ్చింది, జావ తాగినంక తగ్గింది, ఇప్పుడు జర గుర్రుమంటంది" అని అమ్మ. "ఇగ నేను జూస్కుంట" అని బాపు. గంటకోసారి "నొప్పున్నదా బిడ్డా" అనే ప్రశ్న. లేదని చెబుదామని లోపలికి చూసుకునేదాన్ని. చూసుకోగానే ఉండేది.

పదిహేను రోజుల్లో నొప్పి రెట్టింపయింది. బాపు భయపడ్డాడు. బండి మీద అమ్మను, నన్ను ఎక్కించుకుని ఘనపూర్‌లో ఒక ముసలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె కాగితాలన్నీ చూసి, పొట్ట నొక్కి చూసి, బాపు చెప్పిన బోలు చప్పుడు సంగతి కూడా ఓపికగా విని, "పిల్ల అబద్ధం చెప్తలేదు. నొప్పి నిజమే" అంది. ఏడాదిలో ఆ మాట అన్న మొదటి డాక్టరు ఆమే. నాకు అక్కడే ఏడుపొచ్చింది. "కని గంటకోపారి అడిగితే పిల్ల ఆ నొప్పిని ఎట్ల మరుస్తదయ్యా. జరం వచ్చినా, వాంతులైనా, బరువు తగ్గినా నా దగ్గరికి తీస్కరాండ్రి. లేకుంటే అడగకుండ్రి. నొప్పున్నా తిననియ్యుండ్రి, ఆడనియ్యుండ్రి, బడి తెరిస్తే పంపుండ్రి" అంది. నాకు మెల్లగా ఊపిరి తీసి వదలడం నేర్పించి పంపింది.

అడగడం మానేయమంటే మామూలు ఇంట్లో మానేస్తారు. మాది సమ్మెలో ఉన్న ఇల్లు. బాపు అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి మీటింగు పెట్టాడు. "రేపటి సంది ఈ ఇంట్ల అడుగుడు బంద్. ఎవ్వలన్న అడిగిండ్రో, తెల్లారి చౌరస్తల తెలంగాణ టెంటు కింద రిలే నిరాహార దీక్షకు కూసోవాలె" అని తీర్మానం చేశాడు. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. అమ్మ నోరు మూసుకుంది గాని కళ్లు మూసుకోలేదు. అన్నం పెడుతూ నా మొహంలోకి అలా చూస్తుంటే, ఇంతకంటే అడిగితేనే నయం అనిపించేది. బాపు తన వంతుగా తమ్ముణ్ని పంపేవాడు, "అక్క మొఖం ఎట్లున్నదో సూసి రా, అడగకు" అని. అవ్వ మాత్రం మొదటి గంటలోనే దొరికిపోయింది. "తిన్నవా బిడ్డా, కడుపు..." అని నాలుక కరుచుకుంది. "సగం మాటనే గద కొడుకా" అని బతిమాలింది. "సగం మాటకు సగం దినం" అన్నాడు బాపు.

అలా వెళ్లిన అవ్వకు టెంటు తెగ నచ్చింది. మెడలో దండ, చుట్టూ మనుషులు, పాటలు, సాయంత్రం నిమ్మరసం. ఇంటికొస్తూనే గుమ్మంలో నిలబడి, బాపుకు వినబడేలా, "కడుపు ఎట్లున్నదే పిల్లా" అని పూర్తి మాట అడిగింది. మర్నాడు మళ్లీ టెంటు. వారం తిరిగేసరికి ఆ చౌరస్తాలో అందరికంటే ఎక్కువ రోజులు కూర్చున్న మనిషి మా అవ్వే. పట్టుదల గల తల్లి అని ఆమెకు మైకిచ్చారు. ఆమె లేచి, "నా మనుమరాలికి కడుపునొప్పి. ఎట్లున్నదని అడగనిస్తలేరు" అని కళ్లొత్తుకుని కూర్చుంది. జనం ఒక క్షణం ఆలోచించి గట్టిగా చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో "అడిగే హక్కు కావాలె" అని అందుకున్నారు, మిగతావాళ్లు "కావాలె, కావాలె" అన్నారు. సాయంత్రం టెంటంతా అవ్వ వెంట మా ఇంటికొచ్చి నా కడుపెట్లుందని అడిగింది. వాళ్లను బాపు ఏమీ అనలేకపోయాడు, వాళ్లు అప్పటికే దీక్షలో ఉన్నారు.

సమ్మె ముగిసి బళ్లు తెరిచిన రోజు పొద్దున నాకు నొప్పొచ్చింది. జడ వేసుకోవడం ఆపి, పొట్ట పట్టుకుని ముగ్గురి వైపూ చూశాను. ముగ్గురూ తలుపు దగ్గర నిలబడ్డారు, ఒక్కరూ నోరు తెరవలేదు. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. నొప్పి పోతే వీళ్లు ఇక నావైపు చూడరేమో అని ఎన్నాళ్లుగానో లోపల ఉన్న భయం అది. "మీకు నేనంటే పావురం లేదు, ప్రేమ లేదు" అని అరిచాను. అమ్మ దగ్గరికొచ్చి నా రిబ్బను ముడివేసి, "టిఫిన్ డబ్బ మర్వకు బిడ్డా" అని మాత్రం అంది. ఏడ్చుకుంటూ, డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి తీస్తూ బడికి పోయాను. రెండో పీరియడుదాకా నొప్పి ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలియదు, ఆటలో మర్చిపోయాను. ఇంటికి రాగానే అమ్మ "బడిల ఏం జెప్పిండ్రు" అని అడిగింది. చెప్పాను, చాలాసేపు చెప్పాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. ఆ తర్వాత నొప్పి కొన్నాళ్లు వస్తూ పోతూ, తగ్గుతూ, ఏ రోజో చెప్పకుండా వెళ్లిపోయింది. నేను ఏడుకు పోయాను, తమ్ముడు ఆ కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నాడు.

ఇంట్లో పెట్టిన ఆ అడుగుడు బంద్‌ను ఎత్తేయడం మాత్రం బాపు మర్చిపోయాడు. ఇప్పుడు నేను మానుకోటలో టీచరును. అమ్మ రోజూ ఫోన్లో ఎండ గురించి, మిరప గురించి, పక్కింటి కోడలి గురించి అడుగుతుంది, కడుపు ఊసెత్తదు. పోయినేడు నాకు అపెండిక్సు ఆపరేషన్ అయితే వచ్చి, మంచం పక్కన కూర్చుని, గోడకు రంగు బాగుందంది. నర్సమ్మ చూడలేక, "బిడ్డకు నొప్పెట్లున్నదో అడగరాదమ్మా" అంది. అమ్మ తలుపు దగ్గరున్న బాపు వైపు చూసింది. బాపు నా వైపు చూశాడు. పదమూడేళ్లుగా అమ్మ ఆ ప్రశ్నను నోట్లోనే పట్టుకుని ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"అడుగవే అమ్మా" అన్నాను.

"నొప్పున్నదా బిడ్డా" అంది. అప్పటిదాకా మందుల మత్తులో నిమ్మళంగా ఉన్న కడుపులో, ఆ మాట వినగానే నొప్పి పుట్టింది. అరవై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే టీచరమ్మనై ఉండి కూడా, "ఉన్నదమ్మా, మస్తున్నది" అని ఆమె చెయ్యి పట్టుకుని హాయిగా ఏడ్చాను.