కొబ్బరితోటతో పాటు నాకొచ్చింది

1997 వేసవిలో ఒక సాయంత్రం రాజోలు బస్టాండులో నడుస్తుంటే నా కుడికాలి చెప్పు వెనక ఉండిపోయింది. కాలివేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుంటున్నాయి. తెల్లారి లేచేసరికి మామూలే. నాకప్పుడు ముప్ఫై ఒకటి, జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతున్నాను. కొత్త చెప్పులు కొన్నాను. రోగానికి చెప్పుల కొట్లో మందు వెతికినవాణ్ని నేనొక్కణ్నే కాకపోవచ్చు.

కొన్నాళ్లకు చాక్‌పీసు పట్టిన చెయ్యి వణకసాగింది. అమలాపురంలో “నరాల బలహీనత” అని సూదిమందులు రాశారు. సూది పొడిచినచోట నొప్పి తప్ప వేరే మార్పు కనిపించలేదు. చివరికి హైదరాబాదులో న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లాం. నేను, నా భార్య సువర్ణ, వద్దన్నా బయల్దేరిన మా అమ్మ.

సువర్ణ నా డిగ్రీ క్లాస్‌మేటు. ఏ చుట్టరికమూ లేదు. మేనమామ కూతుర్ని కాదని ఆమెను చేసుకున్నానని అమ్మకు కోపం. కూరలో ఉప్పు ఎక్కువైనా “బయటి సంబంధం కదా మరి” అనేది.

ఎమ్మారై నార్మల్. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ డిసీజ్ ఏమోనని కళ్లూ రక్తమూ చూశారు. అదీ కాదు. “యంగ్ ఆన్‌సెట్ పార్కిన్సన్స్. మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ తయారుచేసే కణాలు తొందరగా చనిపోతున్నాయి” అన్నారు డాక్టరుగారు.

“అది ముసలివాళ్లకి కదండీ?”

“మీరు కాస్త ముందొచ్చారు.”

లెవోడోపా సగం బిళ్ల వేసుకున్నాక కాలివేళ్లు విచ్చుకున్నాయి. సువర్ణ ఏడ్చింది. నేను ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ నడిచి చూపించాను, ఎవరూ అడక్కపోయినా.

కొన్నేళ్లకు మోతాదు పెరిగి, ఒళ్లు తనంతట తానే ఊగడం మొదలైంది. క్లాసులో పిల్లలు నేను పాఠంలో లీనమయ్యాననుకున్నారు. మందు సరిచేయించుకోవడానికి మళ్లీ ముగ్గురం వెళ్లాం. అప్పటికి మాకో పాప. నన్ను తినేస్తున్నది వేరే సంగతి.

“మా పాపకి కూడా వస్తుందా సార్?”

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“మా వంశంలోనే లేదండీ” అంది అమ్మ. మొదటిసారీ ఇదే చెప్పింది.

“మీదీ మీవారిదీ చుట్టరికమా అమ్మా?”

“ఆయ్! నా సొంత మేనమామేనండీ. కొబ్బరితోట చీలిపోకూడదని మా అమ్మమ్మగారు పట్టుబట్టి చేసేరండీ.”

డాక్టరుగారు కలం కింద పెట్టి, నా రక్తం జీన్ టెస్టుకు పంపారు. కొన్ని నెలలకు జవాబొచ్చింది. పార్కిన్ అనే జీన్. కణంలో చెడిపోయిన భాగాల్ని ఏరి పారేయించడం దాని పని. అందరికీ రెండు కాపీలుంటాయి, ఒకటి బాగుంటే సాధారణంగా సరిపోతుంది. అమ్మా నాన్నా ఒకే రక్తం కాబట్టి ఒకే పాడైన కాపీ ఇద్దరిలోనూ ఉంది, రెండోది బాగుంది. పాడైనవి రెండూ నాకొచ్చాయి. ఏటా మెండెల్ బఠానీల పాఠం చెప్పేవాణ్ని, ఆ బఠానీ నేనేనని తట్టలేదు. తోట ముక్కలు కాకుండా వచ్చింది, దాంతోపాటు ఇదీ.

“నా వల్లేనా బాబూ?” అంది అమ్మ.

“ఎవరి వల్లా కాదమ్మా. కోడలుగారు చుట్టమేనా?”

“కాదండీ, బయటి సంబంధం” అన్నాను, అమ్మ మాటే వాడుకుని.

“మంచిదైంది. ఆమె వైపు నుంచి పాపకి బాగున్న కాపీ వచ్చే ఉంటుంది. ఈ జబ్బు రావడం చాలా అరుదు.”

బస్సులో అమ్మ కిటికీ సీటు ఎవరికీ ఇవ్వదు. ఆ రోజు తిరుగుప్రయాణంలో లేచి నిలబడింది. “నువ్వు కూర్చో అమ్మా సువర్ణా, గాలొస్తుంది.” ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాను. బిళ్లలు వేళకు వేసుకుంటాను, సైకిలు తొక్కుతాను. చెప్పులకు వెనక పట్టీ ఉంది. నేను చెప్పేది ఒక్కటే: డాక్టరు కుటుంబం గురించి అడిగితే జబ్బులే కాదు, పెళ్లిళ్లు కూడా చెప్పండి.

కూరలో ఉప్పు అప్పుడప్పుడూ ఎక్కువవుతూనే ఉంది. అమ్మ ఇప్పుడు ఉప్పును తిడుతోంది.