నడుం వంచి పాడిన పాట

అమీర్‌పేటలో జావా క్లాసుకు వెళ్తుంటే, బస్సు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆగిపోయింది. పక్క సీట్లో ఒక హిస్టరీ టీచరు నాట్ల పాట కూనిరాగం తీస్తున్నారు. ఏం పాటని అడిగాను.

"వెట్టిచాకిరి పాఠానికి గీ పాటే పాడిపిచ్చిన. మొదలు పిల్లలు మస్తు చప్పట్లు కొట్టిన్రు. నడుం వంచి, నాట్లేస్తున్నట్టు పాడమన్న. రెండో చరణానికే చప్పట్లు బందైనయ్. ఒక పిల్ల, 'టీచర్, వాళ్లు పొద్దంతా ఇట్లనే ఉన్నరా?' అనడిగింది."

"మంచి ప్రశ్నేగా అండీ."

"సిలబస్ ఐతలేదని రేపటిసంది నన్ను రావద్దన్నరు, తమ్మీ."

ఓదార్చడం నాకు చేతకాదు. "అయితే పాఠం సగంలో ఆగినట్టేనా?" అన్నాను.

"పాట పిల్లలకు వచ్చేసింది గదా," అని దిగిపోయారు.

ఆ రోజు క్లాసులో ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. అంతకుముందు ఎక్కేదని కాదు.