మబ్బుకు గొంగడి

మాది మర్రిగూడ దగ్గర గొర్రెలు కాసే కుటుంబం. మా కుక్క మబ్బును మొదటిసారి నల్లగొండలో కుక్కల పోటీకి తీసుకెళ్లాలని, దాని పొడవాటి బొచ్చుకోసం ఎడమెడంగా పళ్లున్న దువ్వెన, మెత్తటి బ్రష్ ఏరి కొన్నాను.

పోటీనాడు చలి పొద్దున తలుపు తీస్తే, వాకిలంతా తెల్లని బొచ్చు దూదిలా తేలుతోంది. నడుమ గొర్రెల కత్తెరతో బాపు, పక్కన నున్నగా మబ్బు.

"గొర్రెలను జాతరకు తోలేముందు కత్తిరియ్యమా బిడ్డా? గట్లనే దీన్ని గూడ సాపు జేసిన" అన్నాడు మురిపెంగా.

పోటీలో జడ్జిగారు దాని వీపు నిమిరి, "ఇది ఏ జాతమ్మా?" అని అడిగారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అయినా బొచ్చు తేలిన ఆ పొద్దుటి వాకిలి ఇప్పటికీ కలలో మంచు కురిసినట్టే గుర్తొస్తుంది. మబ్బుకు బొచ్చు మళ్లీ పెరిగింది. నేను దువ్వుతుంటే రాలే పోగులను బాపు సంచిలో దాస్తున్నాడు. ఎందుకని అడిగితే మెల్లగా చెప్పాడు.

"దీనికే చిన్న గొంగడి నేపిస్త. గా దినం చలికి వణికింది."