గోడ పక్క కుర్చీ

కాపెల్‌కి వచ్చిన కొత్తలో ఈ ఊరి లైబ్రరీలో శనివారాలు కవిత్వం క్లాసుకి వెళ్ళేదాన్ని. చెప్పేది ఒక చికానో కవి. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ, కుర్రతనంలో లాస్ ఏంజలస్ గ్యాంగ్‌లో తిరిగిన మనిషి. ఎప్పుడూ గోడకి వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చునేవారు.

కొత్తవాళ్ళని మనం మొదట అడిగేదే నేనూ అడిగాను.

“సర్, వేర్ ఆర్ యూ ఫ్రమ్?”

ఆయన చెయ్యి చటుక్కున నడుం దగ్గరికి వెళ్ళి, అక్కడేమీ లేదని గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

“మా వీధుల్లో అవతలి గ్యాంగ్ వాడు కాల్చే ముందు అడిగే మాట అది,” అన్నారు. “మా అన్న నిజం చెప్పాడు. నా పద్యాల్లో అన్న చేత ఇంకో వీధి పేరు చెప్పించాలని చూస్తుంటాను. వినడు.”

సారీ చెప్పి, మా వైపు బస్సులో పక్కవాళ్ళని కూడా ఊరు అడుగుతామన్నాను.

“ఎందుకు?”

“మనవాళ్ళో కాదో తెలుస్తుందని.”

“మావాళ్ళూ అందుకే అడిగేవాళ్ళు,” అన్నారు, తలుపు వైపే చూస్తూ.

ఇక్కడ ఏ తెలుగింటికి భోజనానికి వెళ్ళినా ఊరయ్యాక ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో కులం తెలుస్తుంది. నేనిప్పుడు వెళ్ళగానే గోడ పక్క కుర్చీ చూసుకుంటున్నాను.